నహాన్ని నది మీది వర్జీనియా జలపాతం చూడాలంటే: ప్లానింగ్ మొత్తం, మొదటి నుంచి

కెనడాకు వచ్చిన తెలుగువాళ్లలో నయాగరా చూడనివాళ్లు తక్కువే. అమ్మానాన్నలు ఊరి నుంచి వస్తే ముందు తీసుకెళ్లేది అక్కడికే. అదే దేశంలో, ఉత్తరాన, నయాగరాకు దాదాపు రెట్టింపు ఎత్తున్న జలపాతం ఇంకొకటి ఉంది. నయాగరాలో గుర్రపు నాడా ఆకారంలో ఉండే పెద్ద ధార ఎత్తు 57 మీటర్లు. ఇది 96 మీటర్లు. అయినా దాన్ని చూసినవాళ్లు అరుదు, ఎందుకంటే అక్కడికి రోడ్డు లేదు. చిన్న విమానంలో వెళ్లి నది మీద దిగాలి.

మ్యాపుల్లో దాని పేరు వర్జీనియా ఫాల్స్. తరతరాలుగా ఆ నేల మీద బతుకుతున్న డెనె ప్రజలు నాయిలీచో అంటారు. నార్త్‌వెస్ట్ టెరిటరీస్‌లోని నహాన్ని నేషనల్ పార్క్ రిజర్వ్‌లో, సౌత్ నహాన్ని నది మీద ఉంది. నది మధ్యలో ఒక పెద్ద రాతి స్తంభం నిలబడి, ధారను రెండుగా చీలుస్తుంది. ఆ నది ఆ కొండలకంటే పాతది. కొండలు పైకి లేస్తున్నంత కాలం నది తన దారి వదలకుండా వాటిని కోసుకుంటూ పోయింది, అందుకే కింద వెయ్యి మీటర్లకు పైగా లోతున్న లోయలు ఏర్పడ్డాయి. జలపాతం కూడా సున్నపురాయిని కొరుక్కుంటూ కొద్దికొద్దిగా వెనక్కి జరిగింది. అలా జరుగుతూ అది వదిలి వచ్చిన దారే ఇవాళ దాని దిగువన కనిపించే నాలుగో లోయ. 1978లో యునెస్కో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా ప్రకటించినప్పుడే నహాన్నికి అందులో చోటు దక్కింది. 2009లో పార్కును సుమారు 30,000 చదరపు కిలోమీటర్లకు పెంచారు.

ఇంత దూరపు చోటికి ఎలా వెళ్లాలో అడుగడుగునా చెప్పడానికే ఈ వ్యాసం. అన్ని అడుగులకూ ఆధారమైన మాట ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. ఇక్కడ టైమ్ టేబుల్ వేసేది వాతావరణం, మనం కాదు. జలపాతానికి చిన్న విమానం ఎక్కే ఊరు ఫోర్ట్ సింప్సన్. 1984 సెప్టెంబర్‌లో పోప్ రెండో జాన్ పాల్ ఆ ఊరికి రావాల్సి ఉంది. వేలమంది ఎదురు చూశారు. పొగమంచు వల్ల విమానం దిగలేక నార్త్‌వెస్ట్ టెరిటరీస్ రాజధాని ఎల్లోనైఫ్‌కు మళ్లింది. ఆయన ఇచ్చిన మాట ప్రకారం మళ్లీ వచ్చింది మూడేళ్ల తర్వాత, 1987లో. అది రన్‌వే మీద దిగాల్సిన పెద్ద విమానం. మనం ఎక్కేది నది మీద దిగే చిన్న విమానం. కాబట్టి డబ్బు కంటే ముందు చేతిలో ఖాళీ రోజులు ఉంచుకోవాలి. వారం సెలవు పెట్టి ఏడు రోజులూ పక్కాగా నింపేసుకుంటే ఈ ట్రిప్ టెన్షన్‌తోనే సరిపోతుంది.

మొదటి అడుగు: ఏ రకం ప్రయాణమో తేల్చుకోండి

మూడు దారులున్నాయి. ఖర్చు, సామాను, సెలవులు, కావలసిన ఒంటి సత్తువ అన్నీ ఏది ఎంచుకున్నారన్న దాని మీదే ఆధారపడతాయి.

మొదటిది, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేది. ఫోర్ట్ సింప్సన్‌లో విమానం ఎక్కితే గంటన్నర ప్రయాణం. దారిలో పీఠభూములు, లోయలు పైనుంచి కనిపిస్తాయి. జలపాతానికి ఎగువన నది మీద దిగి, కొన్ని గంటలు నడిచి చూసి, అదే విమానంలో వెనక్కి వస్తారు. పెద్దవాళ్లతోనో పిల్లలతోనో వెళ్లేవాళ్లకు ఇదే సరైనది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు ఉంటే ఒక విషయం గుర్తుంచుకోండి: నడక కంటే విమానం ఎక్కడం, దిగడమే వాళ్లకు కష్టం. నీటి మీద తేలే తొట్టి లాంటి భాగం మీద కాలు పెట్టి, అక్కడి నుంచి చిన్న మెట్టు ఎక్కి లోపలికి వంగి వెళ్లాలి. చెయ్యి అందించి ఎక్కిస్తారు, కానీ ముందే చెప్పి ఉంచడం మంచిది.

రెండోది, జలపాతం దగ్గరే టెంట్ వేసుకుని ఒకటి రెండు రాత్రులు ఉండటం. నన్నడిగితే అవకాశం ఉన్నవాళ్లు ఇదే ఎంచుకోవాలి. పగటి ట్రిప్‌లో వెళ్లినవాళ్ల కళ్లు జలపాతం మీద ఎంత ఉంటాయో, గడియారం మీదా అంతే ఉంటాయి. రాత్రి అక్కడే ఉంటే పొద్దుటి వెలుగులోనూ సాయంత్రపు వెలుగులోనూ ఆ నీటిని చూడొచ్చు. మబ్బు పట్టి ఉన్నా కొన్ని గంటలు ఆగితే విడిపోవచ్చు. క్యాంప్‌సైట్‌లో టాయిలెట్లు, ఎలుగుబంట్లకు చిక్కకుండా తిండి దాచే పెట్టెలు, చెక్క బాటలు ఉన్నాయి. అంతకుమించి సౌకర్యం లేదు. కరెంటు లేదు, దుకాణం లేదు, ఫోన్ సిగ్నల్ లేదు.

మూడోది, నది మీద పడవ ప్రయాణం. జలపాతం పక్కనున్న బాట మీదుగా పడవలూ సామానూ కిందికి మోసుకెళ్లి, అక్కడి నుంచి నాలుగు పెద్ద లోయల గుండా నహాన్ని బ్యూట్ అనే చిన్న ఊరి దాకా వెళ్తారు. మామూలుగా వారం నుంచి పది రోజులు పడుతుంది. ఇంకా ఎగువన రాబిట్‌కెటిల్ దగ్గర మొదలుపెడితే రెండు వారాల దాకా అవుతుంది. లోయల అంకెలు తలకిందులుగా అనిపిస్తాయి: జలపాతం నుంచి దిగేవాళ్లకు ముందు వచ్చేది నాలుగో లోయ, చివర వచ్చేది మొదటి లోయ. పూర్వం దిగువ నుంచి నదికి ఎదురెక్కి వచ్చినవాళ్లు లెక్కపెట్టిన వరస అది. వేగంగా పారే చల్లటి నీటిలో కానో నడిపిన అనుభవం లేనివాళ్లు సొంతంగా ఈ ప్రయాణానికి దిగకూడదు. పార్కు లైసెన్స్ ఉన్న గైడ్ సంస్థలు పడవలు, తిండి, విమానం అన్నీ వాళ్లే చూసుకుని తీసుకెళ్తాయి. మనిషికి కొన్ని వేల కెనడియన్ డాలర్లు అవుతుంది. ఆ సీట్లు ముందు ఏడాదే నిండిపోతుంటాయి కాబట్టి ఆశ ఉంటే ఏడాది ముందే అడగండి.

ఇక్కడి నుంచి చెప్పేది ఎక్కువగా మొదటి రెండు రకాల గురించే.

రెండో అడుగు: నెల ఎంచుకోండి

సరస్సుల మీదా నది మీదా మంచు పూర్తిగా కరిగాకే విమానాలు నీటి మీద దిగగలవు. అందుకని ప్రయాణాలు సుమారుగా జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య దాకా. ఆ మూడు నెలల్లో ఏది మంచిదంటే, మీకేం కావాలో ముందు చెప్పాలి.

నీళ్లు ఉరకలెత్తి పడటం చూడాలంటే జూన్ చివర, జూలై. కొండల మంచు కరిగి నది నిండుగా ఉంటుంది. జూన్‌లో పగలు దాదాపు ఇరవై గంటలు, మిగతా కాసేపు కూడా చిమ్మచీకటి ఉండదు. వెలుతురులో నిద్రపట్టనివాళ్లు కళ్లకు కట్టుకునే పట్టీ తీసుకెళ్లాలి. దోమలు కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. ఎక్కువంటే మామూలుగా కాదు, దాని గురించి సామాను దగ్గర చెబుతాను.

ఆగస్టు రెండో సగంలో దోమలు తగ్గుతాయి, ఆకులు పసుపు రంగుకు తిరగడం మొదలవుతుంది, రాత్రి మళ్లీ చీకటి పడుతుంది. ఆకాశం తేటగా ఉంటే ఉత్తర ధృవ కాంతులు, అంటే అరోరా, కనిపించే అవకాశం ఉంది. చలి మాత్రం పెరుగుతుంది, తెల్లవారుజామున గడ్డి మీద మంచు పేరుకుంటుంది. టెంట్‌లో ఉండాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఆగస్టు చివరి రెండు వారాలే. పెద్దవాళ్లతో పగటి ట్రిప్ అయితే జూలై.

ఏ నెలకైనా ఒక ముప్పు ఉంది, అడవి మంటల పొగ. 2023 ఆగస్టులో ఎల్లోనైఫ్ ఊరినే ఖాళీ చేయించారు, దాదాపు ఇరవై వేల మంది రోజుల తరబడి ఇళ్లకు దూరంగా ఉన్నారు. మంట మీ దారికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నా, పొగ కమ్మితే చిన్న విమానాలు ఎగరవు. టికెట్లు కొనేటప్పుడు తేదీ మార్చుకోవడానికి వీలున్నవి కొనండి.

మూడో అడుగు: చిన్న విమానం తేదీ ఖాయమయ్యాకే మిగతావన్నీ

చాలామంది ముందు టొరంటో నుంచో హైదరాబాద్ నుంచో పెద్ద విమానం టికెట్ తీసుకుంటారు, తర్వాత చిన్న విమానం కోసం వెతుకుతారు. ఈ ప్రయాణంలో అది తిరగేసి చేయాలి. ఫోర్ట్ సింప్సన్‌లో చిన్న విమానాలు కొన్నే, వేసవి వారాలూ కొన్నే. పార్కులో దిగడానికి లైసెన్స్ ఉన్న విమాన సంస్థల జాబితా కెనడా జాతీయ పార్కుల్ని చూసే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వెబ్‌సైట్‌లో ఉంటుంది. చలికాలంలోనే వాళ్లకు మెయిల్ పెట్టి, మీ తేదీలు, మనుషులెందరు, పగటి ట్రిప్పా క్యాంపింగా చెప్పి అడగండి.

ధర లెక్క బస్సు టికెట్ లాంటిది కాదు. చాలావరకు విమానం మొత్తానికి అద్దె ఉంటుంది. ముగ్గురు నలుగురు పట్టే సెస్నా, ఇంకొంచెం పెద్దదైన బీవర్, పెద్ద బృందాలకు ట్విన్ ఆటర్. విమానం నిండేలా మనుషులు ఉంటే తలకు పడే ఖర్చు బాగా తగ్గుతుంది. మీరు ఇద్దరే అయితే, అదే రోజు వెళ్లాలనుకునే వేరేవాళ్లతో కలిపి పంపగలరా అని సంస్థనే అడగండి, వాళ్లు సీట్లు జతచేయగలుగుతారు. క్యాంపింగ్‌కైతే దింపడానికి ఒకసారి, తీసుకురావడానికి ఒకసారి విమానం రావాలి. తిరుగు ప్రయాణంలో ఇంకో బృందాన్ని దింపడానికి వచ్చే విమానంలోనే మిమ్మల్ని తెచ్చేలా కుదిరితే ఖర్చు కలిసొస్తుంది. ఈ మాట అడగడానికి మొహమాటపడకండి, అక్కడ అందరూ అడిగేదే.

బరువు కచ్చితంగా చూస్తారు. సామానుతో పాటు మనుషుల బరువు కూడా నిజంగా ఉన్నదే చెప్పాలి. నీటి మీది నుంచి విమానం పైకి లేవాలంటే ఆ లెక్క తప్పకూడదు. గట్టి చక్రాల సూట్‌కేసులు అసలు పనికిరావు, విమానం తోకలోకి నొక్కి పెట్టగలిగే మెత్తటి సంచులు కావాలి.

ఈ చిన్న విమానాలు పైలట్ కంటికి దారి కనిపిస్తేనే ఎగురుతాయి. మబ్బు కిందికి దిగితే, పొగ వస్తే, గాలి పెరిగితే ఆగిపోతాయి. అందుకే ఖాళీ రోజుల లెక్క ఇలా వేసుకోండి. పగటి ట్రిప్ అయితే ఫోర్ట్ సింప్సన్‌లో కనీసం మూడు రోజులు ఉండేలా చూసుకుని, విమానాన్ని మొదటి రోజుకే బుక్ చేయండి. ఆ రోజు కుదరకపోతే రెండో రోజు, అదీ కాకపోతే మూడో రోజు. క్యాంపింగ్ అయితే వెళ్లేముందు ఒక రోజు, వచ్చాక రెండు రోజులు. వచ్చాక ఎందుకు ఎక్కువంటే, మిమ్మల్ని తీసుకురావాల్సిన విమానం ఆలస్యమైతే మీరు ఆగాల్సింది అడవిలో. ఇంటికి వెళ్లే ఫ్లైట్ మర్నాడే ఉంటే ఆ ఎదురుచూపు నరకమే. రెండు రోజుల తిండి అదనంగా సంచిలో ఉండాల్సిందీ ఇందుకే.

పైలట్ ఇవాళ కాదంటే ఇక వాదించకూడదు. ఎంతో దూరం నుంచి వచ్చామని, సెలవు అయిపోతోందని బతిమాలడం ఆయన్ని ఇబ్బంది పెట్టడమే. ఆ కొండల్లో ఎప్పుడు ఎగరకూడదో తెలిసినవాళ్లు కాబట్టే వాళ్ల చేతుల్లో ప్రాణం పెట్టి వెళ్తున్నాం.

నాలుగో అడుగు: వీసా కాగితాలు

ఇండియా పాస్‌పోర్టుతో వచ్చేవాళ్లకు కెనడా విజిటర్ వీసా కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో, వేలిముద్రలు హైదరాబాద్‌లోని వీసా కేంద్రంలో ఇవ్వొచ్చు. ఎన్ని వారాలు పడుతుందన్నది కాలాన్ని బట్టి బాగా మారుతుంది కాబట్టి చలికాలంలోనే మొదలుపెట్టండి.

అమెరికాలో ఉన్నవాళ్లు ఒక తేడా గమనించాలి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు కెనడా వీసా అక్కర్లేదు, చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు చూపిస్తే చాలు. హెచ్1బి మీద ఉండి ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రం విజిటర్ వీసా తప్పదు. పాస్‌పోర్టులో అమెరికా వీసా స్టాంప్ గడువు తీరిపోయి ఉంటే, తిరిగి వెళ్లేటప్పటి నియమాలు మీ ఆఫీసు లాయర్‌ని అడిగి తేల్చుకున్నాకే బయలుదేరండి.

వైద్య ఇన్సూరెన్స్ మాత్రం ఎవరూ వదలొద్దు, ముఖ్యంగా ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులకు. మారుమూల ప్రాంతం నుంచి విమానంలో ఆసుపత్రికి తరలించే ఖర్చు కూడా ఆ పాలసీలో ఉందో లేదో చూడండి. ఫోర్ట్ సింప్సన్‌లో ఉన్నది చిన్న ఆరోగ్య కేంద్రం, పెద్ద ఆసుపత్రి ఎల్లోనైఫ్‌లో.

ఐదో అడుగు: ఫోర్ట్ సింప్సన్ చేరడం

ఎడ్మంటన్ లేదా క్యాల్గరీ మీదుగా ఎల్లోనైఫ్‌కు, అక్కడి నుంచి ఇంకో చిన్న ఫ్లైట్‌లో ఫోర్ట్ సింప్సన్‌కు. ఎక్కువమందికి ఇదే దారి.

కారులో కూడా వెళ్లొచ్చు. ఎల్లోనైఫ్ నుంచి సుమారు 630 కిలోమీటర్లు. చాలా దూరం కంకర రోడ్డు, పెట్రోల్ బంకులు అరుదు, కంకర రోడ్డు మీదికి తీసుకెళ్లడానికి అద్దె కార్ల సంస్థ ఒప్పుకుంటుందో లేదో ముందే అడగాలి. అదనపు టైరు, నీళ్లు, తిండి కారులో ఉండాలి. ఊరి ముందు లియార్డ్ నది అడ్డం వస్తుంది. దాన్ని వేసవిలో ఫెర్రీ మీద దాటాలి. చలికాలంలో గడ్డకట్టిన నది మీదే రోడ్డు వేస్తారు.

ఊరి డెనె పేరు లీడ్లీ క్వే. లియార్డ్ నది వచ్చి మెకెంజీ నదిలో కలిసే చోట, ఒక దీవి మీద ఉన్న చిన్న ఊరు. ఉండటానికి గదులు కొన్నే ఉంటాయి కాబట్టి చిన్న విమానం తేదీ తేలిన రోజే గది కూడా మాట్లాడుకోండి. పార్కు ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది. విమానం కోసం ఆగాల్సి వచ్చిన రోజుల్ని గదిలో కూర్చుని పాడుచేసుకోకండి. రెండు మహా నదులు కలిసే ఒడ్డున సాయంత్రం నడవడం, ఊరివాళ్లతో నాలుగు మాటలు మాట్లాడటం ఈ ప్రయాణంలో భాగమే. ఈ పార్కును డెహ్చో ఫస్ట్ నేషన్స్ (ఆ ప్రాంతపు స్థానిక ప్రజల సంఘం), పార్క్స్ కెనడా కలిసి చూసుకుంటాయి. జలపాతం వాళ్ల పూర్వీకుల నేలలో ఉంది. మనుషుల ఫోటోలు అడిగి తీయండి, ఊరి పెద్దలు పలకరిస్తే నిలబడి వినండి.

ఆరో అడుగు: పార్కు అనుమతులు

రాత్రి ఉండేవాళ్లు పార్కు ఆఫీసులో ముందే బుక్ చేసుకోవాలి. వెళ్లేముందు పేర్లు నమోదు చేయించుకోవాలి, తిరిగి వచ్చాక వచ్చామని చెప్పాలి. జలపాతం దగ్గరి క్యాంప్‌సైట్‌లో చోటు పరిమితం, నది మీద దిగే బృందాలన్నీ అక్కడే ఆగుతాయి. పగటి ట్రిప్ వాళ్లకు అనుమతి, రుసుము సంగతి విమాన సంస్థ చూస్తుందో మీరే చూసుకోవాలో అడిగి తెలుసుకోండి. డ్రోన్ ఎగరేయకూడదు, కెనడా జాతీయ పార్కులన్నింటిలోనూ నిషేధమే. రాయి, కొమ్ము, మొక్క ఏదీ తీసుకురాకూడదు. చేపలు పట్టాలంటే పార్కు లైసెన్స్ వేరుగా కావాలి.

ఏడో అడుగు: సామాను

పగటి ట్రిప్ వాళ్లకు చిన్న సంచి చాలు. కానీ ఆ సంచిలో కూడా ఒక రాత్రి గడపగలిగేంత వెచ్చటి బట్టలు, తిండి, వాడే మందులు ఉండాలి, విమానం ఆగిపోతే ఆ రాత్రి అక్కడే ఉండాల్సి రావచ్చు. బీపీ, షుగర్ మాత్రలు ఫోర్ట్ సింప్సన్ గదిలో వదిలేసి వెళ్లకండి.

బట్టల విషయంలో మన అలవాటు మార్చుకోవాలి. మన ఎండలకు నూలు అంత హాయి ఇంకోటి లేదు, అక్కడ మాత్రం నూలు వద్దు. ఒకసారి తడిస్తే ఆరదు, ఒంట్లో వేడి లాగేస్తుంది. జీన్స్ కూడా అంతే. ఒంటిని అంటి ఉండే ఉన్ని లేదా సింథటిక్ బనియన్, దాని మీద ఫ్లీస్, అన్నిటి మీద నిజంగా వాన ఆపే జాకెట్, ప్యాంటు. జూలైలో మధ్యాహ్నం ఇరవై డిగ్రీలుండి చొక్కా చేతులు మడుచుకునేంత హాయిగా ఉండొచ్చు, ఆ రాత్రే సున్నాకు దగ్గరగా పడిపోవచ్చు. ఆ కొండల్లో వేసవిలో కూడా మంచు కురుస్తుంది. జలపాతం దగ్గర తుంపర గాలికి కొట్టుకొచ్చి ఎండరోజు కూడా తడుపుతుంది, బాట జారుతుంది. చీలమండ పట్టి ఉంచే బూట్లు వేసుకోండి, కొత్తవి కాదు, ముందు నుంచి నడిచి అలవాటైనవి.

దోమలు. తల మీది నుంచి మెడ దాకా వచ్చే వల ఒకటి ప్రతి మనిషికీ ఉండాలి. కొన్ని డాలర్ల వస్తువు, అది లేకపోతే జూన్, జూలైలో అన్నం ముద్ద నోట్లో పెట్టుకోవడం కూడా కష్టం. వదులుగా ఉండే, లేత రంగు, పొడుగు చేతుల చొక్కాలు వేసుకోండి. ముదురు రంగులకు దోమలు ఎక్కువ మూగుతాయి. ఒంటికి రాసుకునే మందు డీట్ లేదా ఇకారిడిన్ ఉన్నది కొనండి. నల్ల ఈగలు దోమల్లా కుట్టవు, చర్మం కోసి రక్తం తాగుతాయి, చెవుల వెనకా జుట్టు అంచులోనూ చేరతాయి. ప్యాంటు కాళ్లు మేజోళ్లలోకి దోపుకోండి.

ఎలుగుబంట్లు. గ్రిజ్లీలూ ఉన్నాయి, నల్ల ఎలుగులూ ఉన్నాయి. భయపడాల్సిన పని లేదు, పద్ధతి తప్పకూడదు అంతే. తిండి, టూత్‌పేస్ట్, సబ్బు, సువాసన ఉన్న ప్రతి వస్తువూ తాళం పెట్టెలో ఉండాలి, టెంట్‌లో ఒక్క బిస్కెట్ కూడా ఉండకూడదు. మన తిండి వాసన ఘాటైనదన్న సంగతి ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. ఆవకాయ, కారప్పొడి, నెయ్యి తీసుకెళ్లొచ్చు, కానీ బిగుతైన డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను సంచిలో కట్టి, పని కాగానే పెట్టెలోకి చేర్చాలి. ఆ నూనె చేతులు టెంట్ గుడ్డకు తుడవకూడదు. తిరగమోత పెట్టే వంటలు ఆ రెండు రోజులూ మానేయండి. వేడినీళ్లు పోస్తే అయిపోయే ఉప్మా, పొంగలి పొడులు, అటుకులు, వేయించిన పల్లీలు, ఖర్జూరాలు తేలిగ్గా ఉంటాయి, వాసనా తక్కువ. ఇండియా నుంచి తిండి వస్తువులు తెస్తుంటే కెనడా ఎయిర్‌పోర్టులో అన్నీ డిక్లేర్ చేయండి, మాంసంతో చేసినవి తేవద్దు.

నడిచేటప్పుడు మాట్లాడుకుంటూ వెళ్లాలి. జలపాతం హోరులో మన అడుగుల చప్పుడు ఎలుగుకు వినపడదు, హఠాత్తుగా ఎదురుపడటమే ప్రమాదం. బేర్ స్ప్రే, అంటే ఎలుగు మీదికి వస్తే కొట్టే కారపు స్ప్రే, నడుముకు ఉండాలి, సంచి అడుగున కాదు. ఎదురుపడితే పరిగెత్తకండి. మెల్లగా మాట్లాడుతూ, దాని మీద కన్ను ఉంచి, వెనక్కి వెనక్కి జరగండి. ఇక్కడో చిక్కుంది. బేర్ స్ప్రేని, వంట గ్యాస్ డబ్బాల్ని మామూలు ఫ్లైట్లలో చెక్-ఇన్ సామానులో కూడా అనుమతించరు. ఎల్లోనైఫ్ నుంచి ఫోర్ట్ సింప్సన్‌కు ఫ్లైట్‌లో వచ్చేవాళ్లు ఈ రెండూ ఫోర్ట్ సింప్సన్‌లోనే సంపాదించుకోవాలి. వారం ముందే విమాన సంస్థకు ఫోన్ చేసి, అక్కడ దొరుకుతాయా, వాళ్లే ఇవ్వగలరా అని అడగండి. చిన్న విమానంలో ఎక్కించేటప్పుడు బేర్ స్ప్రే ఉందని పైలట్‌కు తప్పనిసరిగా చెప్పాలి. క్యాబిన్‌లో అది పేలితే పైలట్ కళ్లు మూసుకుపోతాయి, అందుకే దాన్ని ఎక్కడ పెట్టాలో ఆయనే చెబుతారు.

శాటిలైట్ పరికరం. ఫోన్ పనిచేయని చోటు కాబట్టి సందేశాలు పంపగలిగే, ప్రమాదంలో సహాయం కోరే మీట ఉన్న పరికరం క్యాంపింగ్ బృందానికి ఒకటైనా కావాలి. కెనడాలో అద్దెకు దొరుకుతాయి. ఇండియా నుంచి వచ్చేవాళ్లు దాన్ని కొని ఇంటికి తీసుకెళ్లాలని మాత్రం అనుకోకండి. అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్, శాటిలైట్ మెసెంజర్ ఇండియాలోకి తీసుకురావడం చట్టవిరుద్ధం. ఇలాంటి పరికరాలతో మన ఎయిర్‌పోర్టుల్లో పట్టుబడి కేసులు ఎదుర్కొన్న ప్రయాణికులు ఉన్నారు. అద్దెకు తీసుకుని, అక్కడే తిరిగి ఇచ్చేయండి.

ఎనిమిదో అడుగు: దిగాక

విమానం జలపాతానికి ఎగువన, నది నిదానంగా ఉన్న చోట దిగుతుంది. అక్కడి నుంచి చెక్క బాట మీద నడక. బాట దిగి పక్కకు వెళ్లకండి. జలపాతపు తుంపరతో తడిసిన ఆ నేలలో ఆర్కిడ్ల లాంటి సున్నితమైన మొక్కలు పెరుగుతాయి, ఒకసారి తొక్కిన చోట మళ్లీ పచ్చబడటానికి ఆ చలి దేశంలో ఏళ్లు పడుతుంది.

మొదట పైనుంచి చూడండి. జలపాతానికి కాస్త ముందు నది ఇరుకైన రాళ్ల మధ్యకు దూరి తెల్లగా మారుతుంది, ఆ ఉరవడినే స్లూస్ బాక్స్ ర్యాపిడ్స్ అంటారు. ఒడ్డున నిలబడి చూస్తే నీటి బలం అక్కడే బాగా తెలుస్తుంది, నాకు అసలు ధార కంటే అక్కడే ఎక్కువసేపు నిలబడాలనిపిస్తుంది. కానీ కంచెలూ రెయిలింగులూ ఉన్న పర్యాటక స్థలం కాదిది. అంచు రాళ్లు తడిసి ఉంటాయి, జారితే దక్కేది ఉండదు. పిల్లల చెయ్యి వదలకండి, సెల్ఫీ కోసం ఒక్క అడుగు కూడా ముందుకు వెయ్యకండి. పైనున్న నది ఎంత నిదానంగా కనిపించినా ఈతకు దిగొద్దు.

తర్వాత కిందికి దారి ఉంది, పడవలు మోసుకెళ్లేవాళ్ల బాట, కిలోమీటరుకు కాస్త పైన. దిగడం తేలికే, ఎక్కి రావడానికి ఊపిరి కావాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు పైనే ఆగిపోవచ్చు, అక్కడ నుంచి కనిపించేది తక్కువేమీ కాదు. ఓపికున్నవాళ్లు మాత్రం తప్పకుండా దిగాలి. కింద నిలబడి తల పైకెత్తితే తప్ప 96 మీటర్లంటే ఎంతో ఒంటికి తెలియదు. పగటి ట్రిప్‌లో వెళ్లినవాళ్లు ముందు కిందికి దిగి, వచ్చేటప్పుడు పైన నిదానంగా చూసుకుంటే సమయం సరిపోతుంది. పైలట్ చెప్పిన గంటకు పది నిమిషాల ముందే విమానం దగ్గర ఉండాలి.

రెండు రాత్రులున్నవాళ్లు అవతలి ఒడ్డున సన్‌బ్లడ్ కొండ ఎక్కాలనుకుంటారు. పైనుంచి నది మెలికలన్నీ కనిపిస్తాయి. నదిని దాటడానికి పడవ కావాలి, అదీ జలపాతానికి ఎగువన కాబట్టి గైడ్ లేకుండా ప్రయత్నించకూడదు. తాగే నీళ్లు నదిలోనివే అయినా మరిగించిగానీ ఫిల్టర్ చేసిగానీ తాగండి. ఒండ్రు ఎక్కువగా ఉంటే గిన్నెలో కాసేపు తేర్చి, ఆపైన ఫిల్టర్ చేస్తే ఫిల్టర్ మూసుకుపోదు.

తొమ్మిదో అడుగు: విమానం రాకపోతే, వచ్చాక

చెప్పిన వేళకు విమానం రాకపోతే క్యాంప్‌సైట్ దగ్గరే ఉండండి. ఇంకో చోటికి నడిచి వెళ్లే ఆలోచనే పెట్టుకోవద్దు, నడిచి చేరగలిగే ఊరు లేదు. వేసవిలో పార్కు సిబ్బంది జలపాతం దగ్గర ఉంటారు కాబట్టి ముందు వాళ్లను కలవండి. శాటిలైట్ పరికరంలో విమాన సంస్థకు ఒక సందేశం, ఇంట్లోవాళ్లకు ఒక సందేశం పంపండి. ఇంట్లోవాళ్లకు బయలుదేరే ముందే చెప్పి ఉంచాలి: ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే అది మామూలే, ఫలానా రోజు దాకా కబురు లేకపోతేనే పార్కు ఆఫీసుకు ఫోన్ చేయండి అని. ఆ ఫోన్ నంబరు కాగితం మీద రాసి ఇచ్చి రండి. హైదరాబాద్‌లో ఉన్న అమ్మకు ఈ ఒక్క కాగితం ఎంతో ధైర్యం.

వెనక్కి ఫోర్ట్ సింప్సన్‌లో దిగగానే, స్నానం కంటే భోజనం కంటే ముందు, పార్కు ఆఫీసుకు వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చామని పేరు కొట్టించుకోండి. ఆఫీసు మూసి ఉంటే వాళ్లు ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయండి. ఈ పని మర్చిపోతే, గదిలో హాయిగా నిద్రపోతున్న మీ కోసం అడవిలో వెతకడానికి మనుషులు బయలుదేరాల్సి వస్తుంది.